ఈశాన్యం మూల గట్టినేల

"నేల రాయిలా ఉందంటక్కా. టెస్టు చేసినాయనే చెప్పాడు. ఇంక మాకు బెంగ లేదు" అంది మా చెల్లెలు వసు ఫోన్లో.

సంతోషించాల్సిన మాటే. కానీ నాకు బెంగ అక్కడే మొదలైంది. కృష్ణా డెల్టాలో నేల రాయిలా ఉండటమేమిటండీ? మా అనంతపురంలో అంటే నమ్ముతాను. అక్కడ గునపం వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి. వసు కాపురం అవనిగడ్డలో. సముద్రానికి గంట దూరం. కృష్ణమ్మ వేల ఏళ్లుగా మోసుకొచ్చి పోసిన ఒండ్రు తప్ప అక్కడ కింద ఇంకేమీ లేదు.

నా అనుమానం ఊరికే పుట్టింది కాదు. నేను గోవాలో ఉంటాను. ఓడలు దక్షిణ ధ్రువం దగ్గర సముద్రపు అడుగునుంచి తీసుకొచ్చే బురదను పరీక్షించడం నా ఉద్యోగం. నేనూ రెండుసార్లు ఆ ఓడ ఎక్కి వెళ్లొచ్చాను. ఇన్నేళ్లు బురదతో కాపురం చేశాక నాకు తెలిసిందొకటే. బురద అబద్ధం చెప్పదు, సగం నిజం చెప్పి ఊరుకుంటుంది.

వసు చాలా ఏళ్లుగా ఒక రేకుల షెడ్డులో చిన్నపిల్లల బడి నడుపుతోంది. ఇప్పుడు సొంత స్థలంలో రెండంతస్తుల బడి కట్టబోతున్నారు. మాఘమాసంలో శంకుస్థాపన ముహూర్తం పెట్టుకుని నన్ను రమ్మంది. చీర పెట్టించుకోవడానికి వస్తున్నానని తను అనుకుంది. నేను ఆ నేలను చూడ్డానికి బయల్దేరాను.

బెంజ్ సర్కిల్

విజయవాడలో రైలు దిగేసరికి మా మరిది శేషగిరి ఫోన్. "వదినగారూ, మన నేల టెస్టు చేసిన ఖాదర్ బాషా గారు ఇవాళ మా ఊరే వస్తున్నారు. ఆయన కారులో వచ్చేయండి, హాయిగా ఉంటుంది."

చూశారా! టెస్టు చేసినాయన, యజమాని బంధువుని, ఉత్తపుణ్యానికి కారులో ఎక్కించుకుని దగ్గర దగ్గర డెబ్భై కిలోమీటర్లు తీసుకెళ్తాడట. ఊరికే ఎవరు ఎవర్ని మోస్తారీ రోజుల్లో?

ఖాదర్ గారు బెంజ్ సర్కిల్ పక్క సందులో టిఫిన్ హోటల్ దగ్గర కలుద్దామన్నారు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, మెడలో కళ్లజోడు తాడు. ఇల్లు భవానీపురంలోనట. నేను వెళ్లేసరికి లేచి నిలబడి, "రండి మేడమ్ గారూ, పెసరట్టు ఉప్మా చెప్పేశానండీ మీకు" అన్నారు.

మా ఊళ్లో పొద్దున్నే అయితే ఉగ్గాణి, మిరపకాయ బజ్జీ. ఈ పెసరట్టులో ఉప్మా దూర్చి మడతపెట్టడం మీద నాకు మొదట్నుంచీ అనుమానమే. మిగిలిన ఉప్మా దాచడానికి కనిపెట్టారేమో అని. కానీ నిజం చెప్పాలి, అల్లం పచ్చడితో అది అద్భుతంగా ఉంది. గోవాలో ఆ డబ్బుకి ఒక చిన్న కాఫీ వస్తుంది, అది కూడా చల్లారి వస్తుంది.

బిల్లు నేనిస్తానంటే ఆయన ససేమిరా అన్నారు. అదీ నాకు నచ్చలేదు. తప్పు చేసినవాడు ముందు బిల్లు కడతాడని మా నాన్న అంటుండేవాడు.

ఉయ్యూరు

ఊరు దాటి బందరు రోడ్డెక్కాక నేను మొదలుపెట్టాను.

"ఖాదర్ గారూ, మా వాళ్ల స్థలంలో ఎన్ని చోట్ల టెస్టు బోరు వేశారండీ?"

"చేసినకాడికి నిఖార్సుగా చేశామండీ."

చేసినకాడికి! ఆ మాట నా చెవిలో ముల్లులా దిగింది. మళ్లీ ఏదో అడగబోతుంటే ఆయన కారు పక్కకి ఆపి, "చెరుకురసం తాగుదామండీ, ఉయ్యూరొచ్చి చెరుకురసం తాక్కపోతే ఎలా" అని దిగిపోయారు. ఐస్ వద్దంటే బండివాడు నావంక జాలిగా చూశాడు. నేను వద్దంది రసం పల్చబడుతుందని. సగం గ్లాసు ఐసే పోస్తారు వీళ్లు, నాకు తెలీదా?

మాట మార్చాలనేమో, ఖాదర్ గారే అడిగారు. "ఆ ధ్రువాల దగ్గర బురదలో ఏం ఉంటుంది మేడమ్ గారూ? అంత దూరం పోయి తవ్వుకురావడం ఎందుకు?"

సరే, ఆయన మాట మారిస్తే నేను మాటతోనే పట్టుకుందామని చెప్పడం మొదలుపెట్టాను. చదువుతున్న మీకూ అది చెప్పక తప్పదు. తర్వాత జరిగిందంతా దాని మీదే నడిచింది.

ఓడ మీంచి పెద్ద బరువు కట్టిన పొడుగాటి ఇనపగొట్టాన్ని సముద్రంలోకి వదుల్తాం. అది పోయి అడుగున బురదలో దిగబడుతుంది. పైకి లాగితే గొట్టం నిండా పొరలు పొరలుగా మట్టి. పైన కొత్తది, కిందకి పోయేకొద్దీ పాతది. నా మొదటి ప్రయాణంలో ఒకరోజు అందరం చలికి చేతులు నలుపుకుంటూ గొట్టం కోసం నిలబడితే, పైకొచ్చిన గొట్టంలో మూరెడు మట్టే ఉంది. గొట్టం మూతి వంకరపోయింది. రాయి తగిలిందనుకున్నాం. రాయి కాదు, ఉత్త బంకమట్టి, గోరు కూడా దిగదు. ఓడని కాస్త పక్కకి జరిపి మళ్లీ వదిలితే గొట్టం మొత్తం వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది.

"అదెలాగండీ? ఒకే సముద్రం, ఒకే మట్టి కదా?" అన్నారు ఖాదర్ గారు.

"ఒకే మట్టి. ఒకచోట మంచు కూర్చుంది, ఇంకోచోట కూర్చోలేదు."

"మంచు తేలుతుంది గదండీ!"

"నీళ్ల లోతుకి మించి మందంగా ఉంటే ఏం తేలుతుంది? అడుగున చతికిలబడుతుంది."

చలి ముదిరిన పాత కాలంలో నేలమీది మంచుపలక పాక్కుంటూ సముద్రంలోకి వచ్చి అడుగున కూర్చుంది. పెరుగుని గుడ్డలో కట్టి పైన రుబ్బురాయి పెడితే ఏమవుతుంది? నీళ్లు కారిపోయి గడ్డ కడుతుంది. అక్కడి బురదకీ అదే గతి పట్టింది. నీళ్లు పోవడానికి దారి దొరికిన పొర గట్టిపడింది, దారి దొరకని పొర ఎక్కడో లోపల మెత్తగానే ఉండిపోయింది. తర్వాత వేడెక్కింది, మంచు పల్చబడింది, తేలింది, వెళ్లిపోయింది. ఆ గట్టిదనం మాత్రం వెళ్లలేదు. దానిమీద మళ్లీ మెత్తటి బురద రాలి కప్పేసింది కాబట్టి పైనుంచి చూస్తే ఏ తేడా కనిపించదు.

అదొక్కటే కాదు. విరిగిపడిన మంచుకొండలు గాలికీ ప్రవాహానికీ కొట్టుకుపోతూ, కింది కొసతో సముద్రం అడుగుని దున్నేస్తాయి. అచ్చం నాగలి చాళ్లే. ఆ చాళ్లలో పాత మట్టి పైకొస్తుంది, కొత్తది కిందికి పోతుంది. పొరలు చూసి వయసు చెబుదామనుకున్నవాడు బోల్తా పడతాడు. అందుకే మా దగ్గర గట్టిమట్టి కనిపిస్తే ఎవరూ చప్పట్లు కొట్టరు. ముందు ఒకటే అడుగుతాం, ఇక్కడ ఏం కూర్చుంది అని.

ఖాదర్ గారు గ్లాసు బండి మీద పెట్టేశారు. "అంటే బరువు లేచిపోయినా గట్టిదనం పోదన్నమాట" అన్నారు చివరికి. అంతే, పామర్రు దాటేదాకా మళ్లీ నోరు విప్పలేదు. దొంగ దొరికాడనుకున్నాను నేను.

చల్లపల్లి దాకా రాకముందే

ఈ రోడ్డుకి రెండు పక్కలా మాగాణి. వరి కోసేశాక ఆ తడిమీదే మినుము చల్లుతారు. కనుచూపు మేరా పచ్చటి మినప చేలు. మా వైపు చేనుకి నీళ్లు పెట్టడమంటే ఒక యుద్ధం. ఇక్కడ నేలలో ఉన్న తడితోనే ఒక పంట పండిపోతుంది. చూస్తే అసూయ పుడుతుంది. అదే కంటితో చూస్తే భయం కూడా వేసింది, ఇంత నీళ్లున్న నేల రాయెలా అయిందని.

ఎదురుగా రొయ్యల లోడుతో లారీ వచ్చింది. దారివ్వడానికి ఖాదర్ గారు కారుని రోడ్డు అంచుకి దించారు. చూడ్డానికి అంచు శుభ్రంగా ఎండి, నెర్రెలు విచ్చి, గట్టిగా ఉంది. ఎడమ పక్క చక్రం పెచ్చుని పగలగొట్టుకుని సగానికి దిగబడింది.

చేలో పనిచేస్తున్న ఆడవాళ్లు నలుగురు కొంగులు దోపుకుని గట్టెక్కి వచ్చారు. కారుకంటే ముందు మమ్మల్ని ఎగాదిగా చూశారు.

"పైన ఎండింది గదా అని దించేశారా ఏంటి? ఈ ఊరోళ్లు కాదా?" అంది అందులో పెద్దావిడ.

"విజయవాడండీ" అన్నారు ఖాదర్ గారు సిగ్గుపడుతూ.

"అదీ సంగతి! అక్కడంతా సిమెంటు గదా" అని నవ్వుకుంటూ తోశారు. నేనూ తోశాను. చీర కుచ్చెళ్ల దాకా బురద. పైన అరచేతి మందం పెచ్చు, కింద పాయసం. ఆవిడ నా కాళ్లు చూసి, "నీ చీర మా ఊరి మట్టితో దిష్టి తీయించుకుందమ్మా, ఇక మంచే జరుగుద్ది" అని దీవించి పంపింది.

అవనిగడ్డ

వసు నన్ను చూసి ముందు నవ్వింది, తర్వాత తిట్టింది, ఆ తర్వాత అన్నం పెట్టింది. గోంగూర రొయ్యలు, ముద్దపప్పు, ఉలవచారు, మీద మీగడ. ఈ జిల్లాలో అతిథి చాలు అన్నాక కూడా మూడుసార్లు వడ్డిస్తారు. మొదటి 'చాలు'ని వీళ్లు మర్యాద కింద లెక్కేస్తారు, రెండోదాన్ని మొహమాటం కింద. నాలుగోసారి అరిస్తే ఆగారు.

భోజనాలయ్యాక అందరం స్థలం దగ్గరికి వెళ్లాం. అప్పటికే పందిరి వేశారు, మామిడి తోరణం కట్టారు. ముహూర్తం ఎల్లుండి తెల్లవారుజామున. శేషగిరి ఉత్సాహంగా చూపిస్తున్నాడు. "ఇది ఆఫీసు గది, ఇది మెట్లు. అదిగో ఆ నైరుతి మూల గది ఎల్కేజీ పిల్లలకి. దానిపైన నీళ్ల ట్యాంకు. నైరుతి బరువుండాలి కదా వదినగారూ."

"బోర్లు ఎక్కడెక్కడ వేశారు?"

"ఈశాన్యంలో."

"ఇంకా?"

"ఈశాన్యంలోనేనండీ, రెండు. పక్కపక్కనే."

"మిగతా మూలల్లో?"

శేషగిరి నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశాడు. "శంకుస్థాపన కాకుండా నైరుతిలో గొయ్యి తవ్వుతారా ఎవరైనా? ఇంటి యజమానికి అరిష్టం కాదూ? నేలలో మొదటి గొయ్యి ఈశాన్యంలోనే పడాలి. ఇది చిన్నపిల్లలు కూడా చెబుతారు."

నేను ఖాదర్ గారి వైపు తిరిగాను. ఆయన నేల చూపులు చూస్తున్నారు.

"మూలకొకటి వేద్దామనే అన్నానండీ" అన్నారు మెల్లగా. "ఒప్పుకోలేదు. వాళ్ల నమ్మకం వాళ్లది, నేను అంతకంటే గట్టిగా చెప్తే బాగోదండీ. వేసిన చోట వచ్చింది వచ్చినట్టే చెప్పాను. పొద్దున మీరు ఆ మంచు సంగతి చెప్పిన దగ్గర్నుంచి నాకు మనసులో మనసు లేదు. అసలు మిమ్మల్ని కారులో రమ్మన్నదే, మీరు బురద పరీక్షిస్తారని విని, మీరు చెబితే వీళ్లు వింటారేమోననండీ."

నాకు మొహం చెల్లలేదు. పెసరట్టు దగ్గర్నుంచి ఆ మనిషిని దొంగని చేసి కూర్చోబెట్టాను. ఆయన కట్టిన బిల్లుని కూడా అనుమానించాను.

"సరే, ఈ ఈశాన్యం మూల ముందు ఏం కూర్చుంది?" అనడిగాను.

"ఏం కూర్చుంటుందండీ? ఖాళీ స్థలం. మేం కొన్నప్పుడూ ఖాళీయే" అన్నాడు శేషగిరి, కాస్త విసుగ్గా.

రోడ్డుకి అవతల పునుగుల బండి ఉంది. దాని యజమాని నాంచారమ్మ గారు ముప్ఫై ఏళ్లుగా అక్కడే పొయ్యి వెలిగిస్తున్నారని వసు చెప్పింది. ఒక ప్లేటు పునుగులు తీసుకుని ఆవిణ్ణి అడిగాను.

"అక్కడా? కంకర గుట్ట ఉండేదమ్మా. అవతల వారధి కట్టినన్నాళ్లూ కంకర, ఇసుక తెచ్చి అక్కడే పోసేవోళ్లు. ఎంత గుట్టనుకున్నావ్! ఆ కొబ్బరిచెట్టు మొవ్వు కనబడేది కాదు. వారధి అయిపోయాక కూడా శానా ఏళ్లు అట్టాగే పడుంది. తర్వాత ఎత్తుకుపోయారు."

"స్థలం అంతటా ఉండేదా?"

"అంతటా ఎందుకుంటది? రోడ్డు పక్కన ఆ మూలకే. లారీలు తిరగాలి గదా. ఇటుపక్కంతా గుంట. వానాకాలంలో గేదెలు పడుకునేయి."

చేతిలో పునుగు చల్లారిపోయింది. దక్షిణ ధ్రువంలో మంచు చేసిన పనే, అవనిగడ్డలో కంకర చేసింది. ఏళ్ల తరబడి కూర్చుంది, బురదలో నీళ్లు పిండేసింది, లేచిపోయింది. ఖాదర్ గారి గొట్టం సరిగ్గా అది కూర్చున్న చోటే దిగింది.

ఖాదర్ గారు కారులోంచి ఒక పొడుగాటి ఇనపచువ్వ తెచ్చారు. ఈశాన్యంలో ఆయనా, శేషగిరీ కలిసి వేలాడినా జానెడు దిగలేదు. నైరుతికి వెళ్లి నేను ఒక్కదాన్నే నొక్కాను. పైపెచ్చు దాటాక మూరెడు లోతుకి ఆగకుండా పోయింది.

"చువ్వ సంగతి ఏముందండీ, పైపైన మెత్తగా ఉండొచ్చు" అన్నాడు శేషగిరి. "ఎల్లుండి ముహూర్తం. నాలుగూళ్లకి పిలుపులు వెళ్లాయి. ఈ రెండు రోజుల్లో నైరుతిలో బోరు వేసి అరిష్టం తెచ్చుకోమంటారా? వదినగారూ, మీరు ఏమీ అనుకోనంటే చెప్తాను. మీకు ప్రతిదీ అనుమానమే."

ఆ మాట అబద్ధం కాదు, అందుకే గుచ్చుకుంది.

నాగాయలంక

మర్నాడు పొద్దున్నే వసు స్కూటీ తీసి, "నదిని చూసొద్దాం రా" అంది. నాగాయలంక రేవు దగ్గర కృష్ణ సముద్రంలా వెడల్పైపోతుంది. నీళ్లు రాగిరంగులో ఉన్నాయి. లంకలకి పోయే పడవలో మనుషులు, సైకిళ్లు, ఒక మంచం, రెండు మేకలు. పడవవాడు మేకకి కూడా టికెట్టు అడుగుతున్నాడు. మేకల ఆసామి అది కూర్చోదు కదా, టికెట్టెందుకని వాదిస్తున్నాడు. మామూలుగా అయితే ఆ పంచాయితీ తేలేదాకా నేను కదిలేదాన్ని కాదు.

పోటు తీసిన ఒడ్డున మెరిసే బురద. అలవాటుకొద్దీ వంగి చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపాను. మెత్తగా, మైనంలా ఉంది. దీని మీద ఇంతవరకూ ఏమీ కూర్చోలేదు.

"అక్కా, నువ్వు చెప్పింది తప్పయితే?" అంది వసు. "ముహూర్తం పోతుంది. మా అత్తగారు జీవితాంతం అంటుంది, మీ అక్క వచ్చి అరిష్టం పెట్టిందని. ఆయనా మనసులో పెట్టుకుంటారు."

"తప్పయితే నన్ను తిట్టు. మళ్లీ మీ గడప తొక్కను."

"ఒప్పయితే?"

నేను నీళ్లలో వేళ్లు కడుక్కున్నాను. ఒప్పయితే మెత్తటి మూల కుంగుతుంది, గట్టి మూల కుంగదు. గోడ మధ్యలో చీలుతుంది. పైన నీళ్ల ట్యాంకు. తనకి తెలుసు. నేను చెప్పేలోపే తెలుసు కాబట్టే నన్ను ఈ రేవు దాకా తీసుకొచ్చింది. తిరుగుదారిలో వసు స్కూటీని వేగంగా పోనిచ్చింది. గుంటల్లో స్కూటీ ఎగురుతుంటే నేను వెనకాల భయంతో తన నడుం గట్టిగా పట్టుకున్నాను.

మళ్లీ ఆ స్థలంలో

పందిరి కింద శేషగిరి, రాత్రి ఊళ్లోనే ఉండిపోయిన ఖాదర్ గారు కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. వసు స్కూటీ స్టాండు కూడా వేయకుండా నా చేతికి వదిలేసి నేరుగా వెళ్లింది. అది నామీద పడబోతే ఖాదర్ గారు పరుగున వచ్చి పట్టుకున్నారు.

"ఏవండీ, నిన్నట్నుంచి అక్క ఒకటే అడుగుతోంది, ఇక్కడ ముందు ఏం కూర్చుందని. మీరు అరిష్టం, అరిష్టం అంటున్నారు. నేనొకటి అడుగుతాను చెప్పండి. రేపు బడి కట్టాక ఆ నైరుతి మూలలో ఎవరు కూర్చుంటారు?"

శేషగిరి కుర్చీలోంచి లేచాడు. వసు ఆగలేదు.

"నాలుగేళ్ల పిల్లలు. వాళ్ల అమ్మలు గేటు దగ్గర నా చేతిలో పెట్టి వెళ్తారు. మనకి అరిష్టం వస్తే మనం పడదాం. వాళ్ల మీదకి తేవద్దు." వసు కళ్లు తుడుచుకుని, "ఖాదర్ గారూ, మీ వాళ్లని పిలవండి" అంది.

మధ్యాహ్నానికి మనుషులొచ్చారు. నైరుతి మూల మూడుకాళ్ల స్టాండు నిలబెట్టారు. ఈ టెస్టులో ఒక బరువైన సుత్తిని పైకి లాగి వదుల్తారు. అది దెబ్బ వేసినప్పుడల్లా రాడ్డు కొంచెం కొంచెం దిగాలి. ఎన్ని దెబ్బలకి ఎంత దిగిందో దాన్నిబట్టి నేల బలం తెలుస్తుంది. ఈశాన్యంలో దెబ్బ మీద దెబ్బ వేసి మనుషులు అలిసిపోయారట. ఆ సంగతే శేషగిరి అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు.

బోరు కొంత లోతు తీసి రాడ్డు దించారు. దానిమీద సుత్తిని మెల్లగా ఆనించారు. ఇంకా తాడు లాగలేదు.

రాడ్డు కదిలింది. ముందు వేలెడు, తర్వాత జానెడు. చప్పుడు లేదు. సుత్తి దానిమీద కూర్చుని అలాగే కిందికి పోతోంది. తాడు పట్టుకున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కొట్టండి" అన్నాడు శేషగిరి.

"కొట్టక్కర్లేదండీ" అన్నారు ఖాదర్ గారు. "దిగిపోతోంది."

వెనక వీధిలో వసు వాళ్ల రేకుల షెడ్డులోంచి పిల్లలు ఎక్కాలు అప్పజెబుతున్నారు, అందరూ ఒకేసారి, గొంతు చించుకుని. శేషగిరి అటు విన్నాడు. రాడ్డు వంక చూశాడు. తను నిలబడ్డది ఆ నైరుతి మూలలోనే అని అప్పుడే గుర్తొచ్చినట్టు రెండడుగులు వెనక్కి వేశాడు.

"వసూ, పంతులుగారికి ఫోన్ చెయ్యి" అన్నాడు. "ముహూర్తం ఇప్పుడే వద్దని చెప్పు."

తర్వాత నావైపు తిరిగి, చేతులు కట్టుకుని అడిగాడు.

"వదినగారూ, మిగతా రెండు మూలలూ కూడా చూద్దామా?"